మెగురో ఇంటి తెడ్డు

ఆ పొద్దున ఆకాశం ఉరిమింది. వాన ఉరుము కాదు. సముద్రం వైపు నుంచి, కొండ వీపు మీద ఎవరో ఖాళీ పీపా దొర్లించినట్టు ఒక్కటే ఉరుము. ఆపైన చప్పుడు లేదు. ఆ కొండ ఊరు హినోకుబోలో దాన్ని మంచును లేపే ఉరుము అంటారు. మబ్బులు సీసపు రంగు తిరిగి, దేవదారు కొనలకు తగిలేటంత కిందికి దిగి నిలబడ్డాయి.

మెగురో వారింట చూరు కింద వెదుళ్ళకు కట్టిన ముల్లంగులు బారులుగా వేలాడుతున్నాయి. చాలావరకు వాడాయి. వంచితే రెండు కొసలూ కలవాలి, అప్పుడే తవుడూ ఉప్పూ పట్టించి ఊరవెయ్యడానికి పనికొస్తాయి.

"విన్నావా?" అంది ఫుకుయో వంటింట్లోంచి. కోడలి వైపు చూడలేదు. రాత్రి నుంచీ చూడటం లేదు.

"విన్నాను అత్తయ్యా," అంది మారివిక్.

"ముల్లంగులు ఇవాళ దించాలి. మంచు తగిలిందంటే లోపల బెండు కడతాయి. ఏడాది ఊరగాయ మంచుపాలు."

"సాయంత్రం రాగానే దించుతాను."

"సాయంత్రం దాకా మంచు ఆగుతుందా? మీ బడి గంట కొట్టేవరకూ మబ్బులు చేతులు కట్టుకుని నిలబడతాయా?"

ఆ మాట ముల్లంగుల గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

రాత్రి ఊరి కూటమి నుంచి మారివిక్ భర్త షోహే ఒక కబురు తెచ్చాడు. భార్యకు చెప్పబోయి తల్లికి కూడా వినబడేటట్టు చెప్పాడు, అదీ అతని తప్పు. తల్లిదండ్రుల సంఘం పెద్ద వకాత్సుకి, ఎరువుల కొట్టు ఆసామి, అందరిలో లేచి అన్నాడట: వచ్చే ఏప్రిల్ నుంచి మన పిల్లలకి అసలైన ఇంగ్లీషు దేశపు టీచర్ని తెప్పించుకుందాం, ఫిలిప్పీన్స్ ఇంగ్లీషు ఎన్నాళ్ళు నేర్పిస్తాం అని. ఇవాళ బడిలో పెద్దలు వచ్చి వెనక నిలబడి పాఠం చూసే రోజు. పట్నం నుంచి విద్యాశాఖ ఆయన కూడా వస్తున్నాడు. ఆయన మాట మీదే మారివిక్ ఇంగ్లీషు టీచరు ఉద్యోగం నిలిచేదీ పోయేదీ.

రాత్రంతా నడిచిన గొడవలో ఫుకుయోది ఒకటే మాట. వాళ్ళు పొమ్మనకముందే నువ్వే లేచి రా.

మారివిక్‌దీ ఒకటే మాట. లేవను.

పొద్దుటి అన్నానికి నలుగురూ బల్ల చుట్టూ కూచున్నారు. ఆ ఇంట్లో అన్నం వడ్డించేది ఫుకుయో ఒక్కతే. అన్నం ఉన్న చెక్కపాత్ర ఆమె మోకాలి పక్కనే ఉంటుంది. దాని మూత మీద తెడ్డు. నల్లబడిన చెర్రీ కర్ర, ఒక అంచు నెలవంకలా అరిగింది. ఫుకుయోకు ఆమె అత్తగారు ఇచ్చింది. అత్త తన చేత్తో ఇచ్చిన రోజున కోడలు ఇంటి ఇల్లాలవుతుంది, ఇవ్వనంతకాలం కోడలే. మారివిక్ ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్ళు. వండింది, కడిగింది, మోసింది, కన్నది. తెడ్డును కడిగి మూత మీద పెట్టడమే తప్ప, దానితో ఒక్క గిన్నెకు వడ్డించింది లేదు.

"రాజీనామా రాశావా?" అంది ఫుకుయో.

"లేదు."

"రాయవా?"

"రాయను అత్తయ్యా."

ఫుకుయో కొడుకు గిన్నె నింపి ఇచ్చింది. "పొమ్మనిపించుకుని వచ్చిన మనిషిని ఈ ఇల్లు ఇంతవరకూ ఎరగదు. సహకార సంఘంలో ఓడిపోతామని తెలిసి, ఓట్లకు ముందు రోజే మీ మామయ్య తప్పుకున్నారు. మర్యాదంటే అది."

"అది మామయ్యగారి మర్యాద."

"ఓహో. నీ మర్యాద వేరేగా ఉందా?"

"నిలబడటమే నా మర్యాద. తోసేవాళ్ళుంటే వచ్చి తొయ్యనీండి."

షోహే మిసో చారులో పుట్టగొడుగును చాప్‌స్టిక్స్‌తో పట్టుకోబోయాడు. అది జారింది.

"ఏమండీ," అంది మారివిక్, "మీరేమంటారు?"

షోహే కిటికీ వైపు చూశాడు. "మధ్యాహ్నానికి మంచు పడేటట్టుంది."

"నేనడిగింది మంచు గురించి కాదు."

"తెలుసు," అన్నాడు షోహే. అంతటితో ఆగిపోయాడు. తుపానుకు ఇళ్ళు కూలిన ఫిలిప్పీన్స్ ఊరు ఇలోయిలోకు వడ్రంగుల జట్టుతో వచ్చి, మారివిక్ పనిచేసే బడికి కప్పు వేసినవాడు అతను. అప్పుడూ అంతే మాట్లాడేవాడు. ఆ రోజుల్లో ఆమెకు అది ఎంతో నచ్చింది.

ఫుకుయో తెడ్డును మూత మీద బోర్లించింది. "ఒక్క మాట చెప్తా విను మారీ. నాకు డెబ్బై రెండు. ఈ తెడ్డు ఎవరికో ఒకరికి ఇవ్వాలి. తెడ్డు పట్టే మనిషి ఇల్లు విడిచి తిరగదు. బడి కావాలో తెడ్డు కావాలో తేల్చుకో. రెండూ నీ చేతికి రావు."

ఆరో తరగతి చదివే కూతురు నగిసా గిన్నె వెనక మొహం దాచుకుంది.

బయట, మారివిక్ చిన్న తెల్ల ట్రక్కు అద్దం మీద గడ్డకట్టిన తేమ గీకుతుంటే నగిసా పక్కకు వచ్చింది.

"అమ్మా, ఇవాళ పాఠంలో నన్ను లేపకు."

"ఎందుకని?"

"టీచర్ కూతురు కాబట్టి వచ్చిందంటారు. రాకపోతే టీచర్ కూతురికే రాలేదంటారు."

మారివిక్ నవ్వింది. రాత్రి నుంచీ అదే మొదటి నవ్వు. "బడిలో నేను నీకు అమ్మను కాను గదా. చెయ్యి ఎత్తనివాళ్ళని నేను లేపను."

"ఎత్తను," అంది నగిసా.

*

బడి ఎప్పటిలాగే ఉంది. బూట్లు అరలో పెట్టి లోపలి చెప్పులు తొడుక్కోవడం, టీచర్ల గదిలో నిలబడి జరిపే పొద్దుటి సమావేశం, చిట్టచివర కాపీ యంత్రం పక్కన ఆమె బల్ల. ఆ యంత్రం వేడికి చలికాలంలో చేతులు కాచుకోవచ్చు. అందుకే ఆ చోటు మార్చమని ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆరో తరగతి చూసే ఓతాకి మాస్టారు మొహం పాలిపోయి వచ్చాడు.

"మారీ టీచర్, చిహారు రాలేదు. జ్వరమట."

మారివిక్‌కు అర్థమైంది. పెద్దలు చూసే పాఠాన్ని ముందే సాధన చేయించే అలవాటు ఓతాకిది. మొదట చిహారు చెయ్యి ఎత్తుతుంది, ఆమె చెప్పాక ఇబుకి, ఆ తరవాత మిగతావాళ్ళు. వారమంతా అలాగే చేయించాడు. మారివిక్‌కు అది మొదటి నుంచీ రుచించలేదు.

"నేను వద్దన్నాను గదా మాస్టారూ. వాళ్ళంతట వాళ్ళు ఎత్తితేనే అందం."

"ఎత్తకపోతే? పట్నం ఆయన ముందు పిల్లలు బొమ్మల్లా కూచుంటే?"

"ఇబుకిని మొదట ఎత్తమన్నారా?"

"ఎందుకు చెప్పడం? చిహారు లేదని వాళ్ళకి కనబడుతోంది గదా. అర్థం చేసుకుంటారు."

మారివిక్ పుస్తకాలు సర్దుకుంది. ఎనిమిదేళ్ళుగా ఇక్కడ పిల్లలకు చదువు చెప్తోంది. వాళ్ళు ఏం అర్థం చేసుకుంటారో ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం పిల్లలతోనే భోజనం. తలకు తెల్లగుడ్డ కట్టుకుని వడ్డించే వంతు ఆ రోజు ఇబుకిది.

"టీచర్, కొండంతా, గుట్టంతా?"

"గుట్టంత చాలు."

"పెద్దలొస్తున్నారు, బలం కావాలి," అని ఇబుకి కొండంత పెట్టాడు. వాడి చేతిలో ప్లాస్టిక్ తెడ్డు. పదకొండేళ్ళవాడు ఎవరి అనుమతీ అక్కర్లేకుండా తరగతికంతా అన్నం పెడుతున్నాడు. ఆమె దాన్ని కాసేపు చూసి, తల తిప్పుకుని తినసాగింది.

తిన్నాక గదులు తుడిచే వేళ. ఆ వేళ బడి మొత్తం మాట లేకుండా తుడుస్తుంది. మారివిక్ కూడా మోకాళ్ళ మీద వంగి, తడిగుడ్డ నేలకు అదిమి, పిల్లల పక్కన వసారా ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. లేచేసరికి కిటికీ అవతల మొదటి మంచు పలుకులు రాలుతున్నాయి. సన్నగా, పిండి జల్లించినట్టు.

ముల్లంగులు గుర్తొచ్చాయి. గంట కొట్టారు.

*

వెనక గోడ వారన పెద్దలు బారుగా నిలబడ్డారు. తల్లులు, సెలవు పెట్టి వచ్చిన ఇద్దరు ముగ్గురు తండ్రులు, ముసలివాళ్ళు. మధ్యలో మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న విద్యాశాఖ ఆయన. ఆయన పక్కన వకాత్సుకి, కొత్త కోటులో. షోహే లేడు. రాడని ఆమెకు తెలుసు. అయినా చూసింది.

తలుపు జరిగిన చప్పుడయింది. ఆలస్యంగా ఎవరో వచ్చి బారు చివర నిలబడ్డారు. నల్ల పండగ కోటు. జుట్టు మీద కరుగుతున్న మంచు. చేతిలో మడిచి పట్టుకున్న తలగుడ్డ.

ఫుకుయో.

ఎనిమిదేళ్ళలో ఆమె ఈ బడి గడప తొక్కలేదు. మనవరాలి పాఠం చూడటానికి కూడా రాలేదు. మారివిక్ చేతిలో సుద్దముక్క విరిగింది. ఓడిపోవడం చూడటానికి వచ్చిందా? ఆలోచించడానికి వ్యవధి లేదు. పిల్లలు లేచి వంగి దణ్ణం పెట్టారు, పాఠం మొదలయింది.

మొదట్లో బాగానే సాగింది. అందరూ కలిసి పలికేవి పలికారు. తరవాత ఆమె ప్రశ్న అడిగింది, ఇంగ్లీషులోనే: మీ పేరు, మీ ఇంట్లో ఎవరు ఏం చేస్తారు, ఎవరు చెప్తారు?

ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

అందరికీ జవాబు వచ్చు. నెల రోజులుగా వల్లె వేశారు. కాని మొదట ఎత్తవలసింది చిహారు. చిహారు కుర్చీ ఖాళీగా ఉంది. ఇబుకి చిహారు తరవాతి వాడు కాబట్టి వాడు ఎత్తలేదు. మిగతావాళ్ళు ఇబుకి తరవాతి వాళ్ళు కాబట్టి వాళ్ళూ ఎత్తలేదు. తరగతి తరగతంతా ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దాని వంతు పూర్తవడం కోసం ఓపిగ్గా కూచుంది.

కిటికీ దగ్గర ఓతాకి మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

మారివిక్ మళ్ళీ అడిగింది. గదిని వెచ్చబరిచే గొట్టంలో నీళ్ళు టకటకమన్నాయి. విద్యాశాఖ ఆయన కాళ్ళు మార్చి నిలబడ్డాడు.

"చూశారా," వకాత్సుకి గొంతు తగ్గించే అన్నాడు, కాని ఆ నిశ్శబ్దంలో గోడలకు కూడా వినబడింది. "ఆవిడ మాట పిల్లలకే అర్థం కావటం లేదు. టీవీలో ఇంగ్లీషు ఇలాగా ఉంటుంది? నేర్పేవాళ్ళు సరైనవాళ్ళయితే గదా."

మారివిక్ చెవులు వేడెక్కాయి. అయినా గడ్డం దించలేదు. ఇలోయిలోలో ఆమెకు పాఠం చెప్పడం నేర్పిన ముసలి టీచరమ్మ అనేది, పిల్లలు నీ మాట వినే ముందు నీ మెడను చూస్తారని.

బారు చివర ఒక చెయ్యి లేచింది.

పిల్లల చెయ్యి కాదు. వేళ్ళ కణుపులు ఉబ్బి, గోళ్ళలో తవుడు పసుపు ఇంకిన చెయ్యి.

పాఠం చూసే రోజున వెనక నిలబడ్డవాళ్ళు నోరు విప్పరు. అది ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ తప్పరు. తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. నగిసా నోరు తెరుచుకుని ఉండిపోయింది.

మారివిక్ కళ్ళు అత్తగారి మీద నిలిచాయి. ఫుకుయో చెయ్యి దించలేదు.

"చెప్పండి," అంది మారివిక్.

ఫుకుయో నేల చూపులు చూస్తూ, పెదవి కొరుక్కుని, గొణిగింది: "మై నేమ్... ఫుకుయో. ఐ మేక్... పికుల్."

నగిసా నెల రోజులుగా వంటింటి గుమ్మంలో కూచుని వల్లించిన వాక్యం. ముల్లంగులు కడుగుతూ ముసలామె చెవిన వేసుకుందన్నమాట.

ఇద్దరు పిల్లలు కిసుక్కుమన్నారు. వెంటనే ఆగిపోయారు. తరగతి మొత్తం ఇప్పుడు టీచరు వైపు చూస్తోంది.

ఆ చూపు ఎందుకో ఆమెకు తెలుసు. ఈ గదిలో ఒకటే నియమం. తప్పు చెప్పినా ఫరవాలేదు, నేలకు చెప్పకూడదు. తల ఎత్తి, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి చెప్పాలి. అలా చెప్పేదాకా కూచోనివ్వదు. ఒకసారి ప్రధానోపాధ్యాయుడంతటివాణ్ణి కూడా మళ్ళీ చెప్పించింది. పిల్లలు ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాని ఈమె అత్తగారు. ఊరు ఊరంతా చూస్తోంది. ఇంట్లో ఈమె ముందు పన్నెండేళ్ళుగా వంగి మాట్లాడుతున్న మెడ తనది. "బాగుంది, కూచోండి" అనేస్తే అయిపోతుంది. ముసలామె సాయం చెయ్యడానికే వచ్చింది. సాయం చేసినవాళ్ళను ఎవరైనా నిలబెడతారా?

అలా వదిలేస్తే రేపటి నుంచి ఈ పిల్లలకు ఏం చెప్తుంది?

"తల ఎత్తండి," అంది మారివిక్. గొంతు ఎప్పటిలాగే ఉంది. "నన్ను చూసి, మళ్ళీ ఒకసారి చెప్పండి."

పక్కింటి ఇనె పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు.

ఫుకుయో మొహం చెవులదాకా ఎర్రబడింది. తలగుడ్డను రెండు చేతులా పిండింది. వెళ్ళిపోతుందనుకుంది మారివిక్. తలుపు ఒక్క అడుగు దూరంలో ఉంది.

ముసలామె నెమ్మదిగా తల ఎత్తింది. కోడలి కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"మై నేమ్ ఈజ్ మెగురో ఫుకుయో," అంది, పొలంలో అవతలి గట్టున ఉన్నవాళ్ళని పిలిచినంత గట్టిగా. "ఐ మేక్ పికుల్."

"థాంక్యూ," అంది మారివిక్. "నెక్స్ట్."

ఇబుకి చెయ్యి గాలిలోకి ఎగిరింది. మొదటివాళ్ళ వంతు అయిపోయింది మరి. వాడి వెనక ఇంకొకటి, ఇంకో రెండు. మా తాత తేనెటీగలు పెంచుతాడు. మా అమ్మ బస్సు నడుపుతుంది. మా నాన్న అన్నం మాడుస్తాడు. ఆఖరి మాటకు వెనక బారులో ఒకాయన మెడ గోక్కున్నాడు, గదంతా నవ్వింది. ఒక్కొక్కరూ తల ఎత్తి, వెనక్కి తిరిగి, తమవాళ్ళను చూస్తూ చెప్పారు. మారివిక్ నేర్పిన పలుకే, ఆమె పలికినట్టే. ఎదురు గోడకు తగిలి గణగణమంది.

గంటకు కాస్త ముందు, కిటికీ వైపు వరసలో ఒక చెయ్యి సగం లేచింది. ఆగింది. పూర్తిగా లేచింది.

నగిసా.

"చెప్పు," అంది మారివిక్.

ఆ పిల్ల లేచి నిలబడింది. తన ఇంట్లో ఎవరు ఏం చేస్తారో చెప్పింది. నానమ్మ ఊరగాయ పెడుతుంది, నాన్న ఇళ్ళు కడతాడు. ఊపిరి తీసుకుంది.

"మా అమ్మ టీచరు," అంది.

*

వసారాలో చెప్పులు మార్చుకునేచోట వకాత్సుకి ఫుకుయోను పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, వెనక నిలబడ్డవాళ్ళు మాట్లాడకూడదని తెలీదా?"

"తెలుసు నాయనా," అంది ఫుకుయో బూటు తొడుక్కుంటూ. "నువ్వు మాట్లాడుతుంటే, రూలు మార్చారేమో అనుకున్నా."

చుట్టూ ఉన్న తల్లులు గొడుగులు వెతుక్కోవడంలో పడ్డారు.

"నేనేదో పిల్లల మంచికి..."

"నీ చిన్నప్పుడు మా పుచ్చతోటలో పడి, కాయ వదల్లేక కంచెలో ఇరుక్కున్నావు. అదీ పిల్లల మంచికేనా?" ఆమె తలగుడ్డ కట్టుకుంది. "మా కోడల్ని అనాలంటే మా ఇంటికొచ్చి నాతో చెప్పు. అనేది ఏమైనా ఉంటే నేను అంటాను."

విద్యాశాఖ ఆయన మారివిక్‌కు వంగి దణ్ణం పెట్టాడు. కాస్త ఎక్కువసేపే వంగాడు. "సోమవారం కబురు పంపుతాం," అన్నాడు. మొహంలో ఏమీ చదవడానికి లేదు.

ఇంటికి ట్రక్కులో ముగ్గురూ వచ్చారు. నగిసా మధ్యలో. అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ ఊగుతూ మంచును తోస్తున్నాయి.

చూరు కింద వెదుళ్ళు బోసిగా ఉన్నాయి. పశువులపాకలో షోహే ముల్లంగులు గడ్డి మీద పేర్చి, పైన గోనెలు కప్పుతున్నాడు. జుట్టు నిండా మంచు.

"పనికి వెళ్ళలేదా?" అంది మారివిక్.

"మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. నాకు బయట పనుంది, వచ్చి ముల్లంగులు దించు అంది." అతను తల్లి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "పనేమిటో చెప్పలేదు."

ఫుకుయో ఒక ముల్లంగిని తీసి వంచి చూసింది. పక్కన పెట్టింది. ఇంకొకటి వంచింది.

"ఊరంతా చూస్తుండగా నన్ను తల ఎత్తమన్నావు," అంది ముల్లంగితోనే మాట్లాడుతున్నట్టు.

"అన్నాను."

"మా అత్త పోయేదాకా ఈ ఇంట్లో నేను తలెత్తి ఎరగను. ఆవిడ మొహంలో పుట్టుమచ్చ ఎటువైపుందో పాడె మీద పడుకోబెట్టాకే చూశాను."

మారివిక్ పక్కనే కూచుని గోనె అంచు సరిచేసింది. "మీరు నా తరగతిలో చెయ్యి ఎత్తారు అత్తయ్యా. చెయ్యి ఎత్తినవాళ్ళెవరికైనా అదే నియమం."

"నేను నీ అత్తనని అక్కడ గుర్తులేదా?"

"గుర్తుంది. అందుకే కష్టమయింది."

షోహే గోనె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇంట్లో కూడా ఇలాగే అంటావా?"

"ఇంట్లో మీరు. బడిలో నేను."

ఫుకుయో చేతిలో ముల్లంగి వంగుతూ వంగుతూ రెండు కొసలూ కలిశాయి. విరగలేదు.

"ఇది సిద్ధం," అంది. లేచి, మోకాళ్ళు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"కోపంగా ఉందా?" అంది మారివిక్.

"తెలీదు," అన్నాడు షోహే. చేతిలోని గోనె కప్పి, "నేనూ వచ్చి చూడాల్సింది," అన్నాడు. ఆ ఏడాదంతటికీ అతను మాట్లాడిన పెద్ద మాట అదేనేమో అనిపించింది ఆమెకు.

*

చీకటి పడేసరికి ఆవరణ తెల్లబడింది. వంటింట్లో ఉప్పు చేప కాలుతున్న వాసన. మారివిక్ చారు గిన్నెలు తెచ్చి బల్ల మీద పెడుతూ ఆగిపోయింది.

ఫుకుయో తన చోట లేదు. బల్లకు అవతలి వైపు, నగిసా పక్కన కూచుంది. చెక్కపాత్ర ఎప్పుడూ ఉండేచోటే ఉంది. దాని పక్కన ఆమె కూచునే మెత్త ఖాళీగా ఉంది. మూత మీద తెడ్డు. పిడి మారివిక్ వైపు తిరిగి ఉంది.

షోహే అది చూశాడు. తల్లిని చూశాడు.

"అత్తయ్యా," అంది మారివిక్, "పొద్దున మీరు అన్నారు..."

"అన్నం చల్లారుతోంది."

"రెండూ నా చేతికి రావన్నారు. సోమవారం వాళ్ళు ఉండమంటే నేను..."

"తినేటప్పుడు మాటలేమిటి?" అంది ఫుకుయో. ఇంకేమీ అనలేదు.

ఇది బహుమానమా, పలుపుతాడా? ముసలామె మొహంలో జవాబు లేదు. మారివిక్ చేతిలోని చారు గిన్నెలు బల్ల మీద పెట్టింది. తరవాత వెళ్ళి ఆ మెత్త మీద కూచుంది. తెడ్డు అందుకుంది. ఎన్నోసార్లు కడిగినదే, ఈ వైపు నుంచి పట్టుకుంటే బరువు వేరుగా ఉంది. పిడి మీద బొటనవేలు దిగేచోట చిన్న గుంట ఉంది. ఇద్దరు ఆడవాళ్ళ వేళ్ళు అరగదీసిన గుంట. ఆమె వేలు అందులో కుదిరింది.

బడి మానేస్తానని ఆమె అనలేదు. తెడ్డు కింద పెట్టనూ లేదు.

మూత తీసింది. ఆవిరి లేచింది. మొదటి అన్నం చిన్న ఇత్తడి గిన్నెలో పెట్టి, నగిసా చేతికిచ్చి మామగారి పటం దగ్గరికి పంపింది. రెండోది ఇంటి మగవాడిది కావాలి. షోహే గిన్నె చాచాడు. మారివిక్ ఆ గిన్నెను దాటి, ఫుకుయో గిన్నె తీసుకుంది. రెండుసార్లు పెట్టి, అంచు సరిచేసి, రెండు చేతులా అందించింది.

షోహే చాచిన గిన్నెను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఫుకుయో రెండు చేతులా అందుకుంది. అలా అందుకునేటప్పుడు తల వంచడం ఆ ఇంటి పద్ధతి. ఆమె వంచలేదు. తల ఎత్తి, కోడలి కళ్ళలోకి చూస్తూ అందుకుంది.

నలుగురూ తిన్నారు. బయట మంచు పడుతూనే ఉంది. పోయినేటి ముల్లంగి ఊరగాయ ముక్కలు నలుగురి పళ్ళ కింద కరకరమంటున్నాయి. ఆ ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు.